టీవీ పాత్రలకు, జంటలకు అభిమానులు ముద్దుపేర్లు ఎందుకు పెడతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా ఇంట్లోనూ, మెట్‌పల్లి దగ్గర మా చిన్నమ్మ ఇంట్లోనూ సీరియల్ గురించి మాట్లాడుకునేటప్పుడు పాత్రల అసలు పేర్లు సగం కూడా వినిపించవు. అక్క, బాబు, సారు, సన్నగొంతామె అన్న పిలుపులతోనే కథంతా నడిచిపోతుంది. పేర్ల మీద నాకున్న ఇష్టం తెలిసిన ఇరుగుపొరుగువారు, బంధువుల పిల్లలు ఈ విషయమై నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను, వాటికి నేను ఇచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

ముద్దుపేరు అని దేన్ని అంటున్నారు?

రచయిత పాత్రకు పెట్టిన పేరు కాకుండా, ప్రేక్షకులు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఆ పాత్రకు వాడే ప్రతి పేరునూ ఇక్కడ ముద్దుపేరుగానే లెక్కిస్తున్నాను. అది ప్రేక్షకులే పుట్టించినది కావచ్చు, కథలో ఎవరో ఒకసారి పిలిచిన పిలుపును జనం అందుకున్నది కావచ్చు, నాయకుడి పేరు, నాయిక పేరు కలిపి ఒక్క మాటగా చేసిన జంట పేరు కావచ్చు. కోపంతో పెట్టిన పేర్లూ ఉన్నాయి. వాటిని ముద్దుపేర్లు అనడం న్యాయం కాదు కనుక వాటి గురించి వేరుగా చెబుతాను.

పాత్రకు ఒక పేరు ఉండగా ఇంకొక పేరు ఎందుకు?

సీరియల్ వారానికి ఐదారు రోజులు, రోజుకు అరగంట చొప్పున, ఏళ్ళ తరబడి ఇంట్లోకి వస్తుంది. అంత తరచుగా ఇంటికి వచ్చే మనిషిని కాగితం మీది పేరుతో పిలిచే అలవాటు మన దగ్గర లేదు. కూరగాయలు తెచ్చే ఆమె అక్క అవుతుంది, బస్సు కండక్టర్ అన్న అవుతాడు, చదువు చెప్పినాయన జీవితాంతం సారుగానే ఉండిపోతాడు. ఆచార్య జయశంకర్‌ను ఓరుగల్లు ప్రాంతమే కాదు, తెలంగాణ మొత్తం ఈనాటికీ జయశంకర్ సార్ అనే తలుచుకుంటుంది. ఆ చివరి మాట లేకుండా పలికితే ఏదో లోటుగా వినిపిస్తుంది.

ఈ అలవాటు మనుషుల దగ్గరే ఆగలేదు. వేములవాడ రాజరాజేశ్వరుడు మనకు రాజన్న, కొమురవెల్లి మల్లికార్జునుడు మల్లన్న, కొండగట్టు ఆంజనేయుడు అంజన్న. గుడి గోడ మీద పూర్తి పేరు ఉంటుంది, మొక్కుకునే నోట చిన్న పేరు ఉంటుంది. పొడవైన పేరును నోటికి సరిపడా కుదించి, చివర ఒక చుట్టరికపు మాట తగిలించడమంటే ఆ దేవుణ్ణి ఇంటి మనిషిగా చేసుకోవడమే. దేవుళ్ళ విషయంలో ఇన్ని తరాలుగా చేస్తున్న పనినే మన వాళ్ళు టీవీ పాత్రల విషయంలోనూ చేస్తున్నారు. ముద్దుపేరు పుట్టడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. పేరు మార్చి పిలిచినవాళ్ళు ఆ పాత్రతో వరస కలుపుకుంటున్నారు.

అంటే ఇదంతా ప్రేమేనా, అవసరం ఏమీ లేదా?

అవసరం కూడా ఉంది. మా చిన్నమ్మ బీడీలు చేస్తుంది. ఒళ్ళో చాట, చాటలో కొలత ప్రకారం కత్తిరించిన తునికాకు, ఒక పక్క తంబాకు, దారపు ఉండ ఉంటాయి. ఆకు తీసి, తంబాకు పరిచి, వేళ్ళతో చుట్టి, గోరుతో మూతి మడిచి, దారం బిగించే వరకు ఆమె చూపు చాట మీది నుంచి కదలదు. టీవీ ఎదురుగానే నడుస్తూ ఉంటుంది. ఆమె మాత్రం కథను చెవులతోనే అనుసరిస్తుంది. ఎవరి ముఖం ఎలా ఉందో ఆమెకు అంత పట్టింపు ఉండదు, ఎవరి గొంతు ఎలా ఉందో మాత్రం ఖచ్చితంగా తెలుసు. ఒకనాటి సాయంత్రం నేను పక్కన కూర్చుని ఉండగా, తల ఎత్తకుండానే, "అగో, సన్నగొంతామె అచ్చింది, ఇగ లొల్లి మొదలైతది" అన్నది. ఆ పాత్రకు సీరియల్‌లో చక్కని సంస్కృతం పేరు ఉంది, అది నాకు తెలుసు, బహుశా ఆమెకూ తెలుసు. కానీ పక్కన కూర్చుని బీడీలు చుట్టే నలుగురు ఆడవాళ్ళకూ ఒక్కసారిగా గుర్తుపట్టగల ఆనవాలు ఆ గొంతే.

ఉత్తర తెలంగాణలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఇలా పని చేసుకుంటూ సీరియల్ వినే ఇళ్ళు చాలా ఉన్నాయి. ముద్దుపేర్ల గురించి మాట్లాడే వాళ్ళు అందరూ తెర ముందు కళ్ళప్పగించి కూర్చున్న ప్రేక్షకుణ్ణే ఊహించుకుంటారు. చెవితో చూసే ప్రేక్షకురాలి సంగతి ఎవరూ పట్టించుకోరు. ఆమె పెట్టే పేర్లలో గొంతు, దగ్గు, నవ్వు, గాజుల చప్పుడు, తలుపు తోసుకొచ్చే తీరు ఉంటాయి.

దీనికి తోడు, పెద్ద ఉమ్మడి కుటుంబం చుట్టూ తిరిగే కథలో పదిహేను ఇరవై మంది ఉంటారు. ఇద్దరు అత్తలు, ముగ్గురు తోడికోడళ్ళు ఉన్న చోట నిన్నటి ఎపిసోడ్ తప్పిపోయిన మనిషికి కథ చెప్పాలంటే, పేర్ల కంటే గుర్తులే త్వరగా పని చేస్తాయి.

వంటలక్క, డాక్టర్ బాబు అన్న పేర్లు అంతగా ఎందుకు నాటుకున్నాయి?

2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి వరకు 1500కు పైగా ఎపిసోడ్లు నడిచిన కార్తీకదీపంలో నాయిక పేరు దీప, నాయకుడి పేరు కార్తీక్. రెండూ సులువైన పేర్లే, రెండూ సీరియల్ పేరులోనే ఇమిడి ఉన్నాయి. అయినా ఏ బస్టాండులో ఎవరిని అడిగినా వంటలక్క, డాక్టర్ బాబు అన్న జవాబే వచ్చేది. ఈ రెండు పిలుపులూ కథలోనివే. కానీ కథలో వినిపించే వందల పిలుపుల్లో ఈ రెండింటినే జనం ఏరుకోవడానికి కారణాలు ఉన్నాయి.

మొదటిది, రెండు పేర్లలోనూ పని, వరస కలిసి ఉన్నాయి. వంట, అక్క. డాక్టర్, బాబు. మన ఊళ్ళలో మనిషిని గుర్తుపట్టడానికి వాడే రెండు ఆనవాళ్ళు ఇవే. రెండవది, మన ఇళ్ళలో భార్య భర్త పేరు పలకని కాలం ఎంతో దూరంలో లేదు. మా అమ్మ తరం వాళ్ళు పిల్లల నాయిన అనో, మా సారు అనో, ఏమండీ అనో నెట్టుకొచ్చేవారు. కొత్తగా పెళ్ళైన జంటను గడపలో ఆపి, ఒకరి పేరు ఒకరు చెబితే గాని లోపలికి రానివ్వమని ఆడబిడ్డ పట్టుబట్టే వేడుక పుట్టింది కూడా ఆ పేరు మళ్ళీ అంత సులువుగా పలకరు కాబట్టే. భర్తకు దూరమైన దీప అతణ్ణి డాక్టర్ బాబు అని పిలిచినప్పుడు, ఆ పిలుపులో దూరమూ గౌరవమూ ప్రేమా ఎంతెంత ఉన్నాయో మన ఆడవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేకపోయింది.

మూడవ కారణం నాకు మరింత ముఖ్యమైనది. ఆ కథ దీప ఒంటి రంగు చుట్టూ తిరుగుతుంది. నల్లగా ఉందని అత్తగారు ఆమెను చిన్నచూపు చూస్తుంది. అటువంటి పాత్రకు రంగును బట్టి పేరు పెట్టడం వెక్కిరింపులు మరిగిన నోళ్ళకు ఎంతో సులువు. జనం ఆ పని చేయలేదు. కథలోని పిలుపుల్లోంచి, ఆమె చేతి పనికి అక్క అన్న మాట చేరిన పిలుపునే ఏరుకున్నారు. సీరియల్ ప్రేక్షకులను తేలికగా తీసిపారేసే వాళ్ళు ఈ ఒక్క ఎంపికను గమనించాలని నా కోరిక.

2024 మార్చిలో అదే జంటతో రెండవ కార్తీకదీపం మొదలైంది. కథ కొత్తదే అయినా మా వీధిలో పాత పేర్లే మళ్ళీ నడిచాయి.

జంట పేర్లు ఎలా తయారవుతాయి?

రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి మనకు పాతది, రెండవది ఈ మధ్య వచ్చింది.

పాతది ద్వంద్వ సమాసం. సీతారాములు, రాధాకృష్ణులు, శివపార్వతులు, నలదమయంతులు. ఇందులో ఏ పేరునూ కోయరు. రెండు పేర్లూ నిండుగా నిలబడి, చివర ఒక బహువచనంతో ఒక్కటవుతాయి. ఏ పేరు ముందు రావాలన్న దానికి కూడా సంస్కృత వ్యాకరణంలో సూత్రాలు ఉన్నాయి. అచ్చులు తక్కువ ఉన్న పేరు ముందు రావాలన్నది ఒకటి, ఎక్కువ పూజనీయమైనది ముందు రావాలన్నది మరొకటి. శివపార్వతుల్లో రెండక్షరాల శివుడు ముందున్నాడు. అదే దంపతులను పార్వతీపరమేశ్వరులు అన్నప్పుడు మూడక్షరాల పార్వతి ముందుకు వచ్చింది. ఈ లయ మన చెవుల్లో ఎంతగా ఇంకిపోయిందంటే, సూత్రం తెలియని పిల్లలు కూడా జంట పేరు కట్టేటప్పుడు పొట్టి పేరునే ముందు పెడతారు. మేడారం దారిలో సమ్మక్క సారక్క అని ఒకే ఊపిరిలో పలికే నోటికి, రెండు పేర్లను ఒక్కటిగా చేయడం నేర్పవలసిన విద్య కాదు.

కొత్త పద్ధతిలో పేర్లను కోసి అతుకుతారు. ఒక పేరులో ముందు భాగం, ఇంకొక పేరులో వెనుక భాగం తీసుకుని ఒక్క పేరు చేస్తారు. 2020 చివరి నుంచి 2024 వరకు నడిచిన గుప్పెడంత మనసులో రిషి, వసుధార జంటను అభిమానులు రిషిధార అన్నారు. ఇది చాలా అందంగా కుదిరిన పేరు. రిషి పూర్తిగా ఉంది. వసుధారలో మిగిలిన ధార ఒక ముక్కలా కనిపించదు, దానికదే నిండైన తెలుగు మాట. పైగా రెండక్షరాలు, రెండక్షరాలు. తెలియని మనిషి వింటే ఏదో నది పేరనుకుంటుంది. కోత పడినట్టు కనబడని అతుకే మంచి జంట పేరు అని నేను అనుకుంటాను.

కోసేటప్పుడు అక్షరాన్ని బట్టి కోస్తారా, శబ్దాన్ని బట్టి కోస్తారా?

శబ్దాన్ని బట్టే కోస్తారు, దీనికి ఒక చక్కని రుజువు ఉంది. 2011లో స్టార్ ప్లస్‌లో మొదలైన ఒక హిందీ సీరియల్‌లో అర్నవ్, ఖుషి అనే జంటకు అభిమానులు అర్షి అని పేరు పెట్టారు. అర్నవ్ అన్న పేరును తెలుగులో రాస్తే ర కింద న వత్తుగానో, పక్కపక్కనో ఒకే గుంపుగా చేరి ఉంటాయి. రాతలో ఆ గుంపును చీల్చడం ఇబ్బంది. పలికేటప్పుడు మాత్రం అర్, నవ్ అని రెండు ముక్కలుగా విడిపోతుంది. అభిమానులు ఆ పలుకు చీలిన చోటే కత్తెర పెట్టారు.

ఇంకొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 2014లో జీ టీవీలో మొదలైన కుంకుమ్ భాగ్యలో అభి, ప్రజ్ఞ జంట. హిందీ వాళ్ళు జ్ఞ అక్షరాన్ని గ్య అని పలుకుతారు కనుక వాళ్ళు ఆ జంటను అభిగ్య అన్నారు. అదే పేరును తెలుగులో మన పద్ధతిలో రాస్తే అభిజ్ఞ అవుతుంది. అభిజ్ఞ అంటే బాగా తెలిసినది, నేర్పరి. మన ఇళ్ళలో ఆడపిల్లలకు ఎంతో ఇష్టంగా పెట్టుకునే పేరు. ఒక జంట కోసం చేసిన కోత పేరు సరిహద్దు దాటేసరికి నిఘంటువులో ఉన్న మాటైంది.

అమ్మానాన్నల పేర్లలోని అక్షరాలు కలిపి బిడ్డకు పేరు పెట్టే ఆనవాయితీ మన మధ్యతరగతి ఇళ్ళలో ఎంతగా ఉందో అందరికీ తెలుసు. జంట పేరు కట్టే అభిమానులు ఒక రకంగా ఆ జంటకు బిడ్డ పేరును ముందే సిద్ధం చేస్తున్నారు.

ఈ అలవాటు ఎక్కడ మొదలైంది?

పాత్రలకు మారుపేర్లు పెట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే కాబట్టి దానికి ఒక పుట్టుక చూపలేము. ఇద్దరి పేర్లు జతచేసి మాట్లాడుకోవడం మాత్రం అమెరికాలో 1966 నుంచి 1969 వరకు వచ్చిన స్టార్ ట్రెక్ అభిమానుల దగ్గర స్పష్టంగా కనబడుతుంది. 1970ల్లో వాళ్ళు చేతి పత్రికల్లో తామే రాసుకున్న కథల మీద కిర్క్, స్పాక్ పేర్ల మధ్య ఒక ఏటవాలు గీత పెట్టేవారు. ఆ గీతను బట్టే ఆ కథలకు స్లాష్ అన్న పేరు వచ్చింది. 1993లో మొదలైన ఎక్స్ ఫైల్స్ అభిమానుల్లో మల్డర్, స్కల్లీ ప్రేమించుకోవాలని కోరుకునే వాళ్ళను రిలేషన్‌షిప్పర్లు అనేవారు. అది కుదించుకుపోయి షిప్పర్ అయింది. ఇవాళ హన్మకొండలో డిగ్రీ చదివే పిల్లలు వాడే షిప్పింగ్ అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. దానికి ఓడలతో సంబంధం లేదు.

జంట పేరుకు ఎంత బలం ఉంటుందో చూపిన దేశం ఫిలిప్పీన్స్. అక్కడి మధ్యాహ్నపు కార్యక్రమం ఒకదానిలో 2015లో ఆల్డెన్ రిచర్డ్స్ అనే నటుడు, యాయా డబ్ అనే పాత్ర అనుకోకుండా జంటగా మారారు. జనం వాళ్ళను ఆల్‌డబ్ అన్నారు. ఆ ఏడాది అక్టోబరు 24న ఒక్క రోజులో ఆ పేరుతో 4 కోట్లకు పైగా ట్వీట్లు వచ్చాయి.

హ్యాష్‌ట్యాగ్ లేకపోతే ఈ కోత పేర్లు వచ్చేవా?

వచ్చేవి, కానీ ఇన్ని వచ్చేవి కావు. హ్యాష్‌ట్యాగ్‌లో మాటల మధ్య ఖాళీ ఉండకూడదు. 2017 వరకు ట్వీట్‌కు 140 అక్షరాల హద్దు కూడా ఉండేది. రెండు పేర్లు, మధ్యలో ఒక మరియు రాసే బదులు ఒక్క పొట్టి మాట రాస్తే మిగతా చోటంతా మనసులో మాటకు మిగులుతుంది. పైగా ఒక్క పేరు మీద అందరూ రాస్తేనే అది పైకి తేలుతుంది. వేర్వేరు పేర్లతో రాస్తే బలం చెదిరిపోతుంది. కాబట్టి జంట పేరు విషయంలో అభిమానులు మొదట్లో కొంత తగవు పడి, తరువాత ఒక్క పేరుకు కట్టుబడతారు.

పెద్దవాళ్ళు పెట్టే పేర్లకూ పిల్లలు పెట్టే పేర్లకూ తేడా ఉందా?

చాలా ఉంది. మా చెల్లె కూతురు సుబేదారి దగ్గర హాస్టల్‌లో ఉండి చదువుకుంటుంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు తన ఫోన్‌లో ఒక జంట వీడియో చూపించింది. ఇరవై సెకన్ల వీడియోలో నాలుగు చూపులు, ఒక వాన, కింద కోత పేరు ఉన్నాయి. నేను ఆ పేరును తప్పుగా విడగొట్టి చదివాను. "అట్ల కాదు పెద్దమ్మా, ఆమె పేరు ముందట రావాలె, లేకుంటె అది వేరేటోళ్ళ ట్యాగ్ అయితది" అని దిద్దింది. పేర్ల వరస మారితే అభిమానుల వర్గమే మారిపోతుందని ఆ రోజు తెలిసింది. మా చిన్నమ్మ పక్కనే ఉండి, "ఆమెనా, బతుకమ్మ కాడ గులాబి చీర కట్టుకున్నామె" అన్నది. అదే పాత్ర, అదే వారం.

పెద్దవాళ్ళ పేరు నోటి కోసం పుడుతుంది, పక్కనున్న నలుగురికి అర్థమైతే చాలు. పిల్లల పేరు ఫోన్ కోసం పుడుతుంది, ముక్కూముఖం తెలియని వేలమందికి ఒకే తీరుగా అర్థం కావాలి. మొదటిది ఎపిసోడ్‌తో పాటు మారిపోగలదు. రెండవది ఒకసారి స్థిరపడితే అక్షరం కూడా కదలదు. ఏది మెరుగని నన్ను అడిగితే నోటి పేర్ల వైపే మొగ్గుతాను, వాటిలో మనిషి కనబడుతుంది కాబట్టి.

కథలో నాయకుడు పెట్టిన ముద్దుపేరు, అభిమానులు పెట్టినది ఒకటేనా?

కాదు, కానీ ఒకదాన్నుంచి ఒకటి పుడుతుంది. 2023లో మొదలైన బ్రహ్మముడిలో రాజ్ తన భార్య కావ్యను కళావతి అని పిలుస్తాడు. ఆ పిలుపు ఆ ఇద్దరి మధ్యది. ప్రేక్షకులు కూడా ఆమెను కళావతి అనడం మొదలుపెట్టినప్పుడు, వాళ్ళు ఆ ఇద్దరి పక్షాన నిలబడ్డామని చెబుతున్నట్టు లెక్క.

నటుడు మారితే పేరు ఏమవుతుంది?

పేరు పాత్రతోనే ఉంటుంది. 2001 నుంచి 2007 వరకు జెమినిలో వచ్చిన అమృతంలో అమృతరావు పాత్రను ముగ్గురు నటులు ఒకరి తరువాత ఒకరు చేశారు. చూసేవాళ్ళకు మాత్రం ముగ్గురూ అమృతమే. పక్కన ఆంజనేయులు చివరిదాకా అంజిగానే ఉన్నాడు.

ఈ పేర్లు నటులకు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా?

రెండూ చేస్తాయి. వంటలక్కగా నటించిన ప్రేమి విశ్వనాథ్ కేరళకు చెందిన నటి. తెలుగు ఇళ్ళకు ఆమె పరాయి రాష్ట్రపు మనిషిగా ఒక్క రోజు కూడా అనిపించలేదంటే దానికి ఆ పేరే కారణం. 2008 నుంచి 2013 వరకు నడిచిన మొగలిరేకులులో ఆర్కే నాయుడిగా నటించిన సాగర్‌ను సీరియల్ ముగిసి ఇన్నేళ్ళైనా అదే పేరుతో గుర్తుపడతారు. దూరదర్శన్‌లో 1987లో రామాయణం మొదలైనప్పటి నుంచి అరుణ్ గోవిల్‌ను జనం రాముడిగానే చూశారు, ఎదురుపడితే కాళ్ళకు మొక్కారు. ఇంత ప్రేమ పొందడం అదృష్టమే. అయితే ఆ పేరు మోస్తూ ఇంకొక రకం పాత్ర చేయబోతే ప్రేక్షకులు ఒప్పుకోరు. నటనను వృత్తిగా ఎంచుకున్న మనిషికి అది చిన్న బరువు కాదు.

దుష్టపాత్రలకు పెట్టే పేర్ల సంగతి ఏమిటి?

ఇక్కడ నేను నిర్మొహమాటంగానే మాట్లాడతాను. విలన్ చేసిన పనిని బట్టి పెట్టే పేరు న్యాయమైనదే. విషం కలిపిన పాత్రను విషపు చెంచా అన్నారనుకుందాం, అది కథ లోపలి తీర్పు. ఒంటి రంగు, లావు, కులం, కుంటితనం, పిల్లలు లేకపోవడం పట్టుకుని పెట్టే పేరు అలాంటిది కాదు. ఆ పేరు తెర మీది మనిషికి తగలదు, పక్కన కూర్చుని అదే సీరియల్ చూస్తున్న మన ఇంటి మనిషికి తగులుతుంది. మా ఇంట్లో ఒక సాయంత్రం ఒక చుట్టపామె ఒక అత్త పాత్రను పిల్లలు లేనితనం పేరుతో తిట్టింది. గదిలో ఆ బాధతోనే పదేళ్ళుగా ఉన్న మా వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తరువాత మా ఇంట్లో ఆ పాత్రను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అసలు పేరుతోనే పిలిచాం.

విలన్ వేషం కట్టిన నటిని బయట కనబడితే అదే కోపంతో పలకరించడం కూడా తప్పే. కార్తీకదీపంలో మోనితగా నటించిన శోభా శెట్టి 2023లో బిగ్ బాస్ ఏడవ సీజన్‌కు వచ్చినప్పుడు చాలామంది ఇళ్ళలో మోనిత వచ్చింది అనే అన్నారు. అంతవరకు అది ఆమె నటనకు దక్కిన గుర్తింపు. మోనిత చేసిన పాపాలను ఆమెకు అంటగట్టడం మాత్రం అన్యాయం.

బిగ్ బాస్ లాంటి కార్యక్రమాల్లో పేర్లు ఎలా పుడతాయి?

అక్కడ పాత్రలు ఉండవు, నిజమైన మనుషులే ఉంటారు. అయినా వారం తిరగకముందే ప్రేక్షకులు వాళ్ళను పాత్రలుగా చేసుకుంటారు. 2018 నాటి రెండవ సీజన్‌లో కౌశల్ అభిమానులు తమకు తామే కౌశల్ ఆర్మీ అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ ముద్దుపేరు పోటీదారుడికి కాదు, అభిమానుల గుంపుకే వచ్చింది. 2023లో శివాజీ, ప్రశాంత్, యావర్‌ల మొదటి అక్షరాలు కలిపి స్పై బ్యాచ్ అన్నారు. ఎదుటి పక్షంలో శోభ, ప్రియాంక, అమర్‌దీప్‌లను స్పా బ్యాచ్ అన్నారు. ఇవి ఇంగ్లిష్ అక్షరాల లెక్కతో కట్టినవి కనుక తెలుగులో రాస్తే కట్టిన తీరు కనబడదు.

మన ప్రాంతానికి దగ్గరైన పేర్లు వేరు. ఆ సీజన్ గెలిచిన సిద్దిపేట జిల్లా యువకుడు పల్లవి ప్రశాంత్ రైతుబిడ్డ అన్న పేరుతోనే వచ్చాడు, జనం ఆ పేరుతోనే గెలిపించారు. అంతకుముందు 2020లో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వెళ్ళిన గంగవ్వకు ఎవరూ కొత్త పేరు వెతకవలసిన పని పడలేదు. ఆమె అసలు పేరులోనే అవ్వ ఉంది.

తెలంగాణ యాస పాత్రలకు పేర్లు పెట్టడంలో ప్రత్యేకత ఏమైనా ఉందా?

ఉంది. వీ6 చానల్ తీన్మార్ వార్తల్లో వచ్చిన బిత్తిరి సత్తినే తీసుకోండి. సత్తయ్యను, సత్యనారాయణను సత్తి అని కుదించడం మన వాడకట్టుల్లో పుట్టినప్పటి నుంచి వింటున్నదే. బిత్తిరి అన్నది అమాయకత్వం, తడబాటు కలిసిన తీరుకు మన మాట. అంటే ఆ పాత్ర తెర మీదికి రావడమే ముద్దుపేరుతో వచ్చింది, రచయితలు ముందే ఊరివాళ్ళు చేసే పని చేసేశారు. చాలా ఏళ్ళ పాటు టీవీలో మన యాస వినిపిస్తే అది వేళాకోళానికో, విలన్ పక్కనుండే మనిషికో పరిమితమై ఉండేది. అటువంటి చోట మన ఊరి పద్ధతిలో పేరు పెట్టుకున్న మనిషి ప్రతి సాయంత్రం వార్తలు మాట్లాడుతుంటే ఇళ్ళలో ఎంత ఆనందపడ్డారో నాకు బాగా గుర్తుంది. అటువంటి పాత్రలకు ప్రేక్షకులు మళ్ళీ పేరు మార్చరు. మా వాళ్ళు అతణ్ణి సత్తన్న అని, చివర ఒక్క అన్న మాత్రం చేర్చారు.

చానళ్ళు ఈ పేర్లను వాడుకుంటాయా?

వాడుకుంటాయి. ప్రోమోల్లో, పండుగ కార్యక్రమాల్లో నటులను వేదిక మీదికి పిలిచేటప్పుడు అభిమానులు వాడే పేర్లే వినిపిస్తాయి. జనం పెట్టుకున్న పేరును జనానికే తిరిగి వినిపించడంలో తప్పు లేదు. చానలే ఒక జంట పేరు తయారుచేసి మొదటి వారం నుంచే రుద్దితే మాత్రం అది అతకదు. అప్పటికి ఆ జంట మీద ఎవరికీ వరస కుదరలేదు కదా.

ఏ పేరు నిలుస్తుంది, ఏది పోతుంది?

నేను గమనించినంతలో, పలకడానికి మూడు నాలుగు అక్షరాలకు మించకుండా, వరస కలిసేలా ఉన్నవి, కథలో ఎన్ని మలుపులు వచ్చినా ఆ పాత్రకు పొసగేవి నిలుస్తాయి. చీర రంగును బట్టి పెట్టినవి చీర మారగానే పోతాయి. జంట పేరు జంట విడిపోతే ఇబ్బందిలో పడుతుంది. కథలో ఆ ఇద్దరూ విడిపోయినా అభిమానులు ఆ పేరును వదలరు, పైగా ఇంకా గట్టిగా పట్టుకుంటారు. రచయిత విడదీసినా తాము విడదీయలేదని చెప్పడానికి వాళ్ళ దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

పని పేరు మాత్రం సీరియల్ దాటి కూడా బతుకుతుంది. మా చిన్నమ్మ వాళ్ళ వాడకట్టులో పెళ్ళిళ్ళకు వంట చేసే ఒకామె ఉంది. ఆమె అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. మొన్న ఒక పెళ్ళిలో పప్పు గిన్నె దింపుతుండగా పిల్లలు "వంటలక్కా, ఇంకింత నెయ్యి" అని కేకేస్తే, ఆమె గరిటె పట్టుకునే తిరిగి చూసి, "అస్తున్న బిడ్డా" అన్నది.